సిస్టమాటిక్ రివ్యూ అని రాసి ఉంటే చాలా?

డ్రగ్స్ గురించి కర్నూలులో నలుగురు డాక్టర్లు, ఇద్దరు కౌన్సెలర్లు ఒకచోట కూర్చున్నారనుకోండి, కాసేపటికి మాట హార్మ్ రిడక్షన్ మీదికి మళ్లుతుంది, మళ్లగానే గొంతులు లేస్తాయి. "శుభ్రమైన సిరంజీలు ఇస్తే హెచ్‌ఐవీ తగ్గుతుందని సిస్టమాటిక్ రివ్యూలే తేల్చేశాయి కదా సార్" అని ఒకరంటారు. "అదే రివ్యూలో సాక్ష్యం నాణ్యత తక్కువ అని కూడా ఉంది, చదివారా" అని ఇంకొకరు. వినేవాళ్లకి ఇద్దరిలో ఎవరో అబద్ధం చెబుతున్నారనిపిస్తుంది. ఇద్దరూ ఒకే పేపర్‌లోంచి చెరో వాక్యం ఎత్తుకుని ఉండొచ్చు, ఆ రెండు వాక్యాలూ సరైనవే కావచ్చు కూడా. అదెలాగో చూడాలంటే రివ్యూ ఏం చెప్పిందన్నది పక్కన పెట్టి, దాన్ని ఎలా తయారు చేశారో చూడాలి.

హార్మ్ రిడక్షన్ అంటే ఏమిటో ఇది చదివేవాళ్లలో చాలామందికి తెలుసు కాబట్టి పొడిగించను. మత్తు మానడం ఈరోజే కుదరని మనిషికి, మానేలోపు ప్రాణం పోకుండా, రోగాలు అంటుకోకుండా చూడటం. కొత్త సూదులు, సిరంజీలు ఇవ్వడం ఒకటి. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లకు బదులు డాక్టర్ పర్యవేక్షణలో మెథడోన్ గానీ బుప్రెనార్ఫిన్ గానీ ఇవ్వడం ఇంకొకటి, దీన్నే ఓఎస్‌టీ అంటారు. ఓపియాయిడ్ ఓవర్‌డోస్ అయినవాళ్లని బతికించే మందు నాలోక్సోన్ ఉంది. కొన్ని దేశాల్లో నర్సుల ఎదుటే ఇంజెక్ట్ చేసుకునే గదులు కూడా ఉన్నాయి. ఇదంతా విదేశీ వ్యవహారం అని కొట్టిపారేసేవాళ్లకి ఒక మాట: సిరంజీలు ఇచ్చే పని, ఓఎస్‌టీ రెండూ మన నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) కార్యక్రమాల్లో ఏళ్లుగా ఉన్నవే. సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లు దేశంలో సుమారు 8.5 లక్షల మంది ఉంటారని ఎయిమ్స్ నిపుణులు కేంద్రం కోసం చేసిన, 2019లో బయటికొచ్చిన సర్వే అంచనా వేసింది.

ఇక రివ్యూ సంగతి. ఒక ప్రశ్న ముందే రాసుకుని, దాని మీద ప్రపంచంలో జరిగిన స్టడీలన్నిటినీ ఒక పద్ధతి ప్రకారం వెతికి, దేన్ని ఎందుకు తీసుకున్నారో, దేన్ని ఎందుకు వదిలేశారో లెక్క చెప్పి, ఒక్కో స్టడీలో ఎంత లోపముందో కొలిచి, అప్పుడు కుదిరితేనే అంకెలు కలిపితే దాన్ని సిస్టమాటిక్ రివ్యూ అంటారు. కలపడం వరకు మెటా ఎనాలిసిస్. ఈ పద్ధతికి ఒక సంస్థాగత రూపం ఇచ్చింది 1993లో మొదలైన కాక్రేన్ అనే సంస్థ. మెడికల్ కాలేజీల్లో సాక్ష్యాల మెట్లు అని ఒక త్రిభుజం బొమ్మ చూపిస్తారు కదా, అందులో పై కొనలో కూర్చునేది ఇదే. ఆ బొమ్మ వల్ల జరిగిన నష్టం ఏమిటంటే, టైటిల్‌లో ఆ రెండు పదాలు కనిపిస్తే చాలు, లోపల ఎలా వండారో ఎవరూ మూత తీసి చూడరు.

మూత తీసి చూడటానికి పనిముట్లు ఉన్నాయి. ఎక్కువగా వాడేది ఆమ్‌స్టార్ 2. 2007లో వచ్చిన మొదటి ఆమ్‌స్టార్‌ను సవరించి 2017లో బీఎంజే అనే మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. మొత్తం 16 ప్రశ్నలు, వాటిలో 7 ప్రాణాధారమైనవి. పని మొదలుపెట్టకముందే ప్రోటోకాల్ (ఏం చేయబోతున్నారో రాసిన ప్రణాళిక) నమోదు చేశారా, సరిగ్గా వెతికారా, వదిలేసిన స్టడీల జాబితా కారణాలతో సహా ఇచ్చారా, తీసుకున్న స్టడీల్లో పక్షపాతం ఎంతో కొలిచారా, కొలిచాక ఆ సంగతి ముగింపులో గుర్తుపెట్టుకున్నారా, అంకెలు కలిపిన తీరు సరైనదేనా, అచ్చు కాకుండా మిగిలిపోయిన స్టడీల గురించి ఆలోచించారా అనేవి ఆ ఏడు. వీటిలో ఒకటి తప్పితే రివ్యూ మీద నమ్మకం 'లో' (తక్కువ), ఒకటి కంటే ఎక్కువ తప్పితే 'క్రిటికల్లీ లో' (మరీ తక్కువ). మార్కులు కూడి పదహారుకి పన్నెండు వచ్చాయి అని చెప్పడం దీంట్లో కుదరదు, అలా కూడొద్దని తయారుచేసినవాళ్లే చెప్పారు. అయినా కూడేవాళ్లు కూడుతూనే ఉన్నారు.

రివ్యూ రాసే తీరుకి ఉన్న ప్రిస్మా అనే జాబితాతో దీన్ని కలిపేయడం మన దగ్గర ఇంకా పెద్ద జబ్బు. పీజీ థీసిస్‌లో నాలుగు డబ్బాల ఫ్లో చార్ట్ గీసి 'ప్రిస్మా ప్రకారం చేశాం' అని రాస్తే నాణ్యత వచ్చేసినట్టు అనుకుంటారు. ప్రిస్మా 2020లో ఉన్న 27 అంశాలు రివ్యూని ఎలా రాయాలో చెబుతాయి, ఎలా చేయాలో కాదు. చెడ్డ రివ్యూని కూడా చక్కగా, ఏ దాపరికమూ లేకుండా రాయొచ్చు.

ఆమ్‌స్టార్ 2 మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది, అది కూడా చెప్పేస్తాను. వదిలేసిన స్టడీల జాబితా ఇవ్వకపోవడం అందులో ప్రాణాధారమైన తప్పు. కాక్రేన్ రివ్యూల్లో ఆ జాబితా తప్పకుండా ఉంటుంది, మామూలు జర్నళ్లలో చోటు చాలదని చాలామంది పెట్టరు. దానికి తోడు ప్రోటోకాల్ ముందుగా నమోదు చేయలేదంటే రెండు తప్పులు, రివ్యూ నేరుగా అట్టడుగుకి పోతుంది. రివ్యూలను నమోదు చేసే ప్రాస్పెరో అనే రిజిస్టర్ మొదలైందే 2011లో. అంతకుముందు రివ్యూ చేసినవాళ్లు ప్రోటోకాల్ ఎక్కడ నమోదు చేయాలి? కాబట్టి 'హార్మ్ రిడక్షన్ రివ్యూల్లో అధిక భాగం క్రిటికల్లీ లో' అని ఎవరైనా చెబితే, ఆ తప్పులు కాగితాల దగ్గరా, లెక్కల దగ్గరా అని అడగండి. రెండూ తప్పులే, కానీ ఒకేలాంటివి కావు.

లెక్కల దగ్గర తప్పితే ఏమవుతుందో 2018లో చూశాం. పర్యవేక్షణలో ఇంజెక్ట్ చేసుకునే గదుల మీద బ్రిటన్ పరిశోధకులు 8 స్టడీలు తీసుకుని మెటా ఎనాలిసిస్ చేసి, వాటి ప్రభావం పెద్దగా ఏమీ లేదని ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ డ్రగ్ పాలసీలో ప్రచురించారు. అమెరికాలో అప్పుడు ఇలాంటి గదులు తెరవాలా వద్దా అని వాదన నడుస్తోంది, ఇది పెద్ద వార్త అయ్యింది. తర్వాత చూస్తే సూదులు పంచుకోవడం, నేరాలు, ఓవర్‌డోస్ లాంటి ఒకదానితో ఒకటి పొంతన లేని ఫలితాలను కలిపి ఒకే అంకెగా మార్చారని తేలింది. కర్నూలు యార్డులో ఉల్లి, ఎండుమిర్చి, వేరుశనగ ఒకే కాటాలో పోసి 'ఈరోజు సగటు ధర ఇంత' అని ప్రకటించినట్టు. ఆ ధరకి కొనేవాడూ ఉండడు, అమ్మేవాడూ ఉండడు. అదే ఏడాది ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. వార్తలు మాత్రం వెనక్కి రాలేదు, ఇప్పటికీ ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు.

అలాగని ఈ గదుల మీద మంచిగా చెప్పిన రివ్యూలన్నీ గట్టివే అనుకోకండి. 2014లో వచ్చిన ఒక రివ్యూ 75 పేపర్లు చూసి అనుకూలంగా చెప్పింది. 75 అంటే ఎంత పెద్ద సంఖ్య! తీరా చూస్తే వాటిలో అత్యధికం రెండే ఊళ్లవి, 2001లో సిడ్నీలో తెరిచిన సెంటర్, 2003లో వాంకూవర్‌లో తెరిచిన ఇన్‌సైట్. ఒకే సెంటర్‌కి వచ్చే ఒకే జనం మీద రాసిన డజన్ల కొద్దీ పేపర్లు డజన్ల కొద్దీ సాక్షులు కావు. ఇన్‌సైట్ మీద లాన్సెట్‌లో 2011లో వచ్చిన స్టడీ ఒకటి నాకు బాగా నచ్చుతుంది, సెంటర్‌కి 500 మీటర్ల లోపల ఓవర్‌డోస్ చావులు 35 శాతం తగ్గితే మిగతా ఊళ్లో 9.3 శాతమే తగ్గాయని మరణాల రికార్డులు పట్టుకుని చూపించింది. ఇలాంటి ఒక్క పేపర్ చెప్పేది, ఆ సెంటర్ చుట్టూ అల్లుకున్న ఇరవై సర్వేలు చెప్పలేవు. ఇప్పుడు రివ్యూల మీద రివ్యూలు వస్తున్నాయి, అంబ్రెల్లా రివ్యూ అంటారు. అదే వాంకూవర్ స్టడీ ఐదు రివ్యూల్లో ఉంటే, ఆ ఐదింటినీ కలిపే గొడుగు కింద అది ఐదుసార్లు ఓటు వేస్తుంది. ఒకే స్టడీ ఎన్నిచోట్ల తిరిగొచ్చిందో లెక్కగట్టే పద్ధతి ఉంది, చాలామంది ఆ లెక్క చేయరు.

అసలు చిక్కు స్టడీల్లోనే ఉంది. కొందరికి కొత్త సూదులు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చీటీలు తీసి, ఎవరికి హెచ్‌ఐవీ వస్తుందో చూద్దాం అనలేం కదా. (అలాస్కాలో ఒక ట్రయల్ జరిగింది, కానీ అందులో రెండో గుంపుకి మందుల షాపులో సూదులు ఎలా కొనుక్కోవాలో నేర్పారు, పూర్తిగా వదిలేయలేదు. సూదులు ఇచ్చినంత మాత్రాన ఇంజెక్షన్లు పెరగవని అది చూపించింది.) అందుకని మిగిలేది పరిశీలన స్టడీలే: సెంటర్‌కి వచ్చేవాళ్లు, రానివాళ్లు ఎలా ఉన్నారో ఏళ్ల తరబడి చూడటం. ఇక్కడ ఎంత తేలిగ్గా కాలు జారుతుందో 1997లో మాంట్రియల్ స్టడీ చూపించింది. సూదులు ఇచ్చే సెంటర్‌కి వచ్చేవాళ్లలోనే హెచ్‌ఐవీ ఎక్కువగా సోకింది! అదే ఏడాది వాంకూవర్ నుంచి వచ్చిన పేపర్ కూడా, అక్కడ పెద్ద సూదుల కార్యక్రమం ఉన్నా హెచ్‌ఐవీ చెలరేగిందని చెప్పింది. సూదుల కార్యక్రమాలకు ఫెడరల్ డబ్బు ఇవ్వకూడదని అమెరికాలో అప్పటికే 1988 నుంచి నిషేధం ఉంది, దాన్ని సమర్థించేవాళ్లకి ఈ రెండు పేపర్లు ఆయుధాలయ్యాయి. 'మా పేపర్లను మీరు తప్పుగా చదివారు' అని పరిశోధకులే 1998లో న్యూయార్క్ టైమ్స్‌లో రాయాల్సి వచ్చింది.

వాళ్లు చెప్పింది ఇది. ఉచితంగా సూదులు ఇచ్చే చోటికి ఎవరొస్తారు? డబ్బుల్లేనివాళ్లు, ఇల్లు లేనివాళ్లు, రోజుకి ఎక్కువసార్లు పొడుచుకునేవాళ్లు. షాపులో కొనుక్కోగలిగినవాడు సెంటర్ మెట్లెక్కడు. పైగా ఆ రెండు ఊళ్లలో కొకైన్ ఇంజెక్షన్ ఎక్కువ, హెరాయిన్ అయితే రోజుకి కొన్నిసార్లతో సరిపోతుంది, కొకైన్ మత్తు తొందరగా దిగిపోతుంది కాబట్టి రోజుకి ఇరవైసార్లు పొడుచుకునేవాళ్లూ ఉంటారు. అంతమందికి, అన్నిసార్లకి సెంటర్ ఇచ్చే సూదులు చాలవు. అంటే ముందునుంచే ప్రమాదంలో ఉన్నవాళ్లని సెంటర్ తన దగ్గరికి లాగింది, తీరా రోగం వచ్చాక లెక్కల్లో నింద సెంటర్ మీద పడింది. మంచి రివ్యూ చేసేవాళ్లు ఇలాంటి స్టడీని తీసిపారేయరు, నెత్తిన పెట్టుకోరు, వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ ఉన్న తేడాల్ని స్టడీలో ఎంతవరకు సర్దారో చూసి దానికి తగ్గ విలువ ఇస్తారు.

ఆ విలువ కట్టడం వల్ల జవాబే మారిపోతుంది. సూదుల కార్యక్రమాలు హెచ్‌ఐవీని ఆపుతాయా అని 2014లో ఒక మెటా ఎనాలిసిస్ చూసింది. స్టడీలన్నీ కలిపితే వచ్చిన అంకె 0.66. అంటే కార్యక్రమంలో లేని గుంపులో 100 మందికి సోకే కాలంలో, ఉన్న గుంపులో 66 మందికి. బాగానే ఉంది కానీ, ఆ అంకె 0.43 నుంచి 1.01 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 1 అంటే తేడా లేనట్టు, ఇక్కడ పై హద్దు ఒకటిని కొద్దిగా దాటింది కాబట్టి 'ప్రభావం రుజువు కాలేదు' అని రాసేసి చేతులు దులుపుకోవచ్చు. అదే పేపర్‌లో పద్ధతి మెరుగ్గా ఉన్న 6 స్టడీలను మాత్రమే విడిగా కలిపారు. ఈసారి 0.42, హద్దులు 0.22 నుంచి 0.81. బలహీనమైన స్టడీలను పక్కన పెట్టేసరికి ప్రభావం పెరిగింది! నాసిరకం పరిశోధన ఎప్పుడూ లేని మేలును ఉన్నట్టు చూపిస్తుందని మనం అనుకుంటాం, ఇక్కడ ఉన్న మేలును దాచింది. స్టడీల లోపాలు కొలవకుండా అంకెలు కలిపిన రివ్యూ అయితే మొదటి అంకె దగ్గరే ఆగిపోయేది.

అంతకు నాలుగేళ్ల ముందు, 2010లో, అప్పటిదాకా వచ్చిన రివ్యూలన్నిటినీ ఒక బృందం మళ్లీ పరీక్షించింది. సూదుల కార్యక్రమాల విషయంలో హెచ్‌ఐవీకి అంతంతమాత్రపు సాక్ష్యం ఉందని, హెపటైటిస్ సీ విషయంలో తేల్చడానికి చాలదని, బయట ప్రచారంలో ఉన్నంత గట్టిగా సాక్ష్యం లేదని మొహమాటం లేకుండా రాసింది. అంటే హార్మ్ రిడక్షన్ అంటే ఇష్టమున్నవాళ్లు కూడా తమ రివ్యూల్లో కాస్త ఎక్కువే చెప్పుకున్నారన్నమాట. అయితే ఆ బృందమే, సాక్ష్యం లేకపోవడానికి కారణం స్టడీలు చేసిన తీరు, దాన్ని పట్టుకుని కార్యక్రమం పనిచేయదని అనుకోవద్దని కూడా చెప్పింది. మన వాదనల్లో ఈ రెండో సగం రాలిపోతుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఇద్దరి గొడవ. 2017లో కాక్రేన్ హెపటైటిస్ సీ మీద 28 స్టడీలతో రివ్యూ చేసింది. ఓఎస్‌టీలో ఉన్నవాళ్లకి ఇన్ఫెక్షన్ ముప్పు 50 శాతం తక్కువ. ఓఎస్‌టీకి తోడు సూదులు కూడా సరిపడా అందితే 74 శాతం తక్కువ. పక్కనే 'సాక్ష్యం నాణ్యత: లో' అని ఉంటుంది. ఒకరు మొదటి ముక్క చదువుతారు, ఇంకొకరు రెండోది. ఆ 'లో' అన్న ముద్ర వేసేది గ్రేడ్ అనే పద్ధతి. అందులో చీటీలు తీసినట్టు గుంపులు విడదీసే ర్యాండమైజ్డ్ ట్రయల్ అయితే 'హై' నుంచి మొదలుపెట్టి లోపాలున్నకొద్దీ దింపుతారు, పరిశీలన స్టడీ అయితే మొదలవడమే 'లో' దగ్గర మొదలవుతుంది. ప్రభావం చాలా పెద్దదైతే పైకి ఎక్కించొచ్చు, అరుదుగా ఎక్కిస్తారు. కాబట్టి ట్రయల్ చేయడానికే వీల్లేని విషయాల్లో 'లో' అని రావడం ముందే రాసిపెట్టి ఉన్నట్టు. దానర్థం 'రేపు మంచి స్టడీలు వస్తే ఈ 50 శాతం అన్న అంకె కదలొచ్చు' అని, 'ఇది పనిచేయదు' అని కాదు. ఆ రివ్యూలోనే సూదుల కార్యక్రమం ఒక్కటే ఉన్నచోట్ల అన్ని దేశాలూ కలిపితే తేడా స్పష్టంగా తేలలేదు, యూరప్ స్టడీలు విడిగా చూస్తే 76 శాతం తగ్గింది. ఉత్తర అమెరికా స్టడీలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఎంతమందికి, ఎన్ని సూదులు, ఎంత సులువుగా అందాయన్నది ఊరికో రకంగా ఉంటే సగటు తీసి ఏం లాభం?

ఏం కొలిచారన్నది కూడా చూడాలి. చాలా స్టడీలు రోగం వచ్చిందా లేదా అని రక్తం పరీక్ష చేయవు, 'గత నెలలో సూది పంచుకున్నారా' అని అడిగి రాసుకుంటాయి. అడిగేది ఎవరు? సూదులు ఇచ్చే సెంటర్ మనిషే. "లేదు సార్, అస్సలు లేదు" అనక ఏమంటాడు? మధ్యలో కనిపించకుండా పోయినవాళ్ల సంగతి సరేసరి, మళ్లీ మత్తులో పడినవాళ్లే ఎక్కువగా మాయమవుతారు, చివరిదాకా మిగిలినవాళ్లని చూసి కార్యక్రమం భేష్ అంటారు. డీఅడిక్షన్ సెంటర్ల 'సక్సెస్ రేట్' బోర్డులకీ ఇదే వర్తిస్తుంది, అవి రివ్యూల్లోకి రావు కాబట్టి బతికిపోయాయి.

వెతకడం గురించి రెండే మాటలు. ఇంగ్లిష్ పేపర్లే వెతికితే 2004 నుంచి చైనాలో నడిచిన భారీ మెథడోన్ కార్యక్రమం మీద చైనీస్‌లో వచ్చినవన్నీ జారిపోతాయి. మన దగ్గర ప్రభుత్వ రిపోర్టుల్లో ఉండిపోయిన సమాచారం పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల ఆన్‌లైన్ జాబితాలో దొరకదు.

నన్ను చిరాకు పెట్టే విషయం ఇంకొకటి ఉంది. హార్మ్ రిడక్షన్ అనగానే 'సాక్ష్యం ఏది, ట్రయల్ ఏది' అని అడిగేవాళ్లు, కాలేజీ పిల్లలతో కలెక్టరేట్ దాకా ర్యాలీ తీసి ప్రతిజ్ఞ చేయించేటప్పుడు అడగరు. స్కూళ్లకి పోలీసులొచ్చి డ్రగ్స్ గురించి చెప్పే డేర్ అనే కార్యక్రమం 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలై అమెరికా అంతా పాకింది. 1994లో మెటా ఎనాలిసిస్ చేస్తే పిల్లలకు తెలివిడి పెరిగింది కానీ వాడకం మీద ప్రభావం నామమాత్రం అని తేలింది. బలవంతంగా పెట్టి చేసే చికిత్స మీద 2016లో వచ్చిన రివ్యూకి దొరికిన స్టడీలు 9 మాత్రమే, వాటిలో మేలు కనిపించినవి రెండు. ఆ రివ్యూలనూ ఇదే ఆమ్‌స్టార్ కాటాలో తూయాలి, అవీ గొప్ప మార్కులు తెచ్చుకుంటాయని నేను అనను. కానీ తూకం వేస్తే అందరికీ ఒకటే కాటా ఉండాలి కదా.

ఏ రివ్యూ ఎంత బాగున్నా ఆమ్‌స్టార్ అడగని ప్రశ్న ఒకటి మన మీదే ఉంటుంది: ఇది కర్నూలుకి, అనంతపురానికి, కడపకి పనికొస్తుందా? మన రాష్ట్రంలో హెచ్‌ఐవీ ప్రధానంగా లైంగిక సంబంధాల ద్వారానే వ్యాపించింది. బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి నుంచి హెచ్‌ఐవీ రోగుల మీద అంతర్జాతీయ జర్నళ్లలో ఎన్నో పేపర్లు వచ్చాయి, అందులో కనిపించేదీ ఇదే. మాంట్రియల్‌లో సూదులు ఆపిన హెచ్‌ఐవీ, ఆపలేకపోయిన హెచ్‌ఐవీ మన జిల్లా లెక్కల్లోకి నేరుగా దిగవు. ఇక్కడ మాట్లాడుకునేది ఎక్కువగా మద్యం గురించి, గంజాయి గురించి, నొప్పి మాత్రల గురించి. గంజాయికి బుప్రెనార్ఫిన్ లాంటి బదులు మందు లేదు కాబట్టి ఓఎస్‌టీ రివ్యూ తెచ్చి గంజాయి చర్చలో పెట్టినవాళ్లు అనుకూలులైనా వ్యతిరేకులైనా వేరే ప్రశ్నకి జవాబు చెబుతున్నట్టే.

ఓపియాయిడ్ మాత్రలకో ఇంజెక్షన్లకో అలవాటు పడినవాళ్ల విషయం అలా కాదు, అక్కడ ఊరు మారినా శరీరం మారదు. బీఎంజేలో 2017లో వచ్చిన రివ్యూ 19 కోహార్ట్‌లు (ఏళ్ల తరబడి గమనించిన గుంపులు) కలిపి చూస్తే, మెథడోన్ చికిత్సలో ఉన్నంతకాలం ఏడాదికి వెయ్యికి 11.3 మంది చనిపోతున్నారు, చికిత్స బయట 36.1 మంది. బుప్రెనార్ఫిన్‌కి ఆ అంకెలు 4.3, 9.5. ఇవీ పరిశీలన స్టడీలే, పైన చెప్పిన అనుమానాలన్నీ వీటికీ ఉన్నాయి, చికిత్సలో నిలిచేవాళ్లు మొదటినుంచీ కాస్త మెరుగైన స్థితిలో ఉన్నవాళ్లు అయుండొచ్చు. కానీ చికిత్స లోపల ఉన్న కాలానికీ బయట ఉన్న కాలానికీ తేడా కనిపించడం, చికిత్స ఆపిన మొదటి నాలుగు వారాల్లో చావులు ఎగబాకడం, ఎందుకలా అవుతుందో కూడా తెలియడం వల్ల ఆ అనుమానం చాలావరకు తగ్గుతుంది: కొన్నాళ్లు ఆపేసరికి శరీరం తట్టుకునే శక్తి పోతుంది, మనిషి మాత్రం పాత డోసే వేసుకుంటాడు. ఓపియాయిడ్ అలవాటున్న కొడుకుని మూడు వారాలు డీఅడిక్షన్ సెంటర్‌లో పెట్టి, శుభ్రపడ్డాడని ఇంటికి తెచ్చుకునే తల్లిదండ్రులకి డిశ్చార్జ్ కాగితం మీద ఎవరైనా రాసివ్వాల్సింది ఈ నాలుగు వారాల సంగతి, దగ్గర్లో ఓఎస్‌టీ ఎక్కడ ఇస్తారో ఆ అడ్రసు.